ఆరోగ్య బీమా చదువు: అమ్మాయి లెక్క సరిగ్గానే ఉంది

ప్రశ్న: మా అమ్మాయి ఖమ్మంలో బీఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి సంవత్సరం. రాష్ట్రంలో అందరికీ ఒకే ప్రభుత్వ ఆరోగ్య బీమా రావాలని, తాను ఆ పనిలోనే ఉంటానని అంటోంది. ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) మంచిదా, ఎంహెచ్‌ఏ (ఆస్పత్రి నిర్వహణలో పీజీ) మంచిదా? మెడికల్ కోడింగ్ (బిల్లుల కోసం జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు వేసే పని) నేర్పిస్తే వెంటనే ఉద్యోగం అని మా బావమరిది అంటున్నాడు. ప్రభుత్వం మారితే ఈ పథకాలు ఉంటాయా? - ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీ ప్రశ్న కోర్సుల గురించే అయినా, మీ దిగులు వేరే చోట ఉంది. 'అమ్మాయి ఏం చేస్తోంది' అని చుట్టాలు అడిగితే ఇంజినీరు, డాక్టరు అన్నట్టు ఒక్క ముక్కలో చెప్పుకోలేకపోతున్నారు. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి.

పథకం ఎక్కడికీ పోదు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీని ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ ఎత్తేయలేదు. రాష్ట్రం రెండైంది, ఆంధ్రలో పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. ఉచిత వైద్యం పరిమితి 2023 డిసెంబరులో తెలంగాణలో 10 లక్షల రూపాయలకు, ఆంధ్రలో 25 లక్షలకు పెరిగింది. ఆ టెన్షన్ వదిలేయండి. కాకపోతే ఇందులో చాలా ఉద్యోగాలు కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్‌వే. ఇది అమ్మాయికి ముందే తెలియాలి.

ఆమె కోరుకునేది ఇంకా రాలేదు. రేషన్ కార్డు వారికి ఒక పథకం, ప్రభుత్వ ఉద్యోగులకు ఒకటి, కార్మికులకు ఈఎస్ఐ, మిగిలినవారికి ప్రైవేటు పాలసీలు. తైవాన్ ఇలాంటి విడివిడి బీమాలన్నీ 1995లో ఒక్కటి చేసింది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం అందరికీ ఒకే బీమా అని 2011లో చట్టం చేసి కూడా 2014 డిసెంబరులో వెనక్కి తగ్గింది. జీతాల మీద యజమానులు 11.5 శాతం, ఆదాయం మీద కుటుంబాలు 9.5 శాతం దాకా కొత్త పన్ను కట్టాలని లెక్క తేలింది. మంచి ఉద్దేశం డబ్బు దగ్గరే ఆగిపోయింది. అలాంటి లెక్క ముందే వేయగల మనుషులు మనకు తక్కువ. స్టాటిస్టిక్స్ పిల్ల అటు వెళ్తానంటే మీరు అడ్డం పడుతున్నారు.

ఇక కోడింగ్. అమీర్‌పేటలో ఏ గోడ చూసినా ఆ బోర్డే. దానితో బతుకుతున్న పిల్లలు చాలామందే ఉన్నారు, ఆ పనిని చిన్నచూపు చూడను. కానీ మన దగ్గర జరిగే కోడింగ్‌లో ఎక్కువ భాగం అమెరికా ఆస్పత్రుల బిల్లులదే. అక్కడ లెక్కలేనన్ని బీమా కంపెనీలు, ఒక్కోదానికి ఒక్కో నిబంధన కాబట్టే అంత పని. పైగా డాక్టరు రాసింది చదివి కోడ్ సూచించే పని ఇప్పటికే సాఫ్ట్‌వేర్ చేస్తోంది. కొన్నేళ్ల తర్వాత ఆ కుర్చీలో ఎందరుంటారో నాకు అనుమానమే. 'వంద శాతం ప్లేస్‌మెంట్' అన్న సంస్థను, పోయినేడాది చేరినవాళ్లు ఇప్పుడు ఎంత జీతానికి చేస్తున్నారో అడగండి. ఒక మాట కటువుగానే అంటున్నాను: మూడేళ్లు కష్టపడి చదివిన పిల్లను బావమరిది మాట మీద ఆర్నెల్ల కోర్సులోకి తోసేయడం జాగ్రత్త కాదు, మీ తొందర.

ఒక పూట ఆమెను నెట్‌వర్క్ ఆస్పత్రిలో (ఆరోగ్యశ్రీ కింద వైద్యం చేసే ఆస్పత్రి) ఆరోగ్యమిత్ర, అంటే రోగులకు పథకం పనులు చూసిపెట్టే ఉద్యోగి, కౌంటర్ దగ్గర ఉండనివ్వండి. తుంటి విరిగిన పెద్దాయన ఎక్స్‌రే అప్‌లోడ్ చేసి ప్రీ-ఆథ్ (చికిత్సకు ముందస్తు అనుమతి కోరే దరఖాస్తు) పంపుతారు. ఆమోదం వచ్చేదాకా ఆయన కొడుకు బెంచీ మీద ఫోన్ చూస్తూ కూర్చుంటాడు. ఒక్కో చికిత్సకు పథకం కట్టే ప్యాకేజీ రేటు ఆస్పత్రికి గిట్టుబాటు కాకపోయినా, ఆస్పత్రికి రావాల్సిన బకాయిలు పేరుకున్నా మొదట ఇబ్బంది పడేది ఆ బెంచీ మీదివాళ్లే. అది చూశాక కూడా ఇదే కావాలంటే ఇక ఆపకండి.

ఎంహెచ్‌ఏ ఆస్పత్రి నడపడానికి, ఎంపీహెచ్ జనం ఆరోగ్యం గురించి. ఈ అమ్మాయికి ఎంపీహెచ్, అందులోనూ హెల్త్ ఎకనామిక్స్ బాగా చెప్పే చోటు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ముంబైలోని టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) మొదట చూడండి. సీటు రాకపోతే అప్పు చేసి ఎక్కడో చేర్పించకండి. ఏడాది ఆగి మళ్లీ రాయనివ్వండి. ఆ ఏడాదిలో యాక్చూరియల్ (బీమాలో నష్టభయాన్ని, ప్రీమియాన్ని లెక్కగట్టే చదువు) ప్రవేశ పరీక్ష ఏసెట్ కూడా రాస్తే, బీమా కంపెనీల వైపు ఇంకో దారి తెరిచి ఉంటుంది.