హిమానీనదం వెనక్కి జరుగుతోందంటే మంచు కొండపైకి పోతోందనా?

కాదు, మంచు ఎప్పుడూ కిందికే జారుతుంది. వెనక్కి జరిగేది దాని కొస మాత్రమే. పైన కురిసిన మంచు గట్టిపడి, తన బరువుకి తానే మెల్లగా దిగుతూ ఉంటుంది. అలా దిగివచ్చే మంచుకంటే కొస దగ్గర కరిగేది ఎక్కువైతే, ఆ కొస ఏటా కాస్త పైనే ఆగిపోతుంది.

అనంతపురంలో ఎండాకాలం మట్టికాలువలో పారే బోరు నీళ్లను చూడండి. బోరు తగ్గేకొద్దీ తడి నిన్న అందిన మడి దాకా పోదు, ముందే ఇంకిపోతుంది. నీళ్లు మాత్రం ముందుకే పారుతుంటాయి.

ఉత్తరాఖండ్‌లో సుమారు 30 కిలోమీటర్ల పొడవున్న గంగోత్రి హిమానీనదమూ ఇంతే. దాని కొస అయిన గోముఖ్ 1935 నుంచి కిలోమీటరుకు పైగా వెనక్కి పోయింది. మంచు ఖాళీ చేసిన చోట బండరాళ్లు, బూడిదరంగు మట్టి కుప్పలుగా మిగిలాయి. లోయ అంచున ఉన్న రాళ్లగట్లు చూస్తే మంచు ఒకప్పుడు ఎంత ఎత్తున ఉండేదో తెలుస్తుంది, గుండె తరుక్కుపోతుంది.

ఈ మంచు కరిగిపోతే కర్నూలులో తుంగభద్ర ఎండిపోతుందని కొందరు టెన్షన్ పడతారు. అది పొరపాటు. తుంగభద్ర నీళ్లు పశ్చిమ కనుమల వానలవి. మంచునీటి లోటు ముందుగా తగిలేది హిమాలయాల్లోని ఊళ్లకే.