కౌలు రైతుకు బ్యాంకు రుణం ఎందుకు అందదు?

ప్రభుత్వమిచ్చే సాగుదారు కార్డు ఉంటే కౌలు రైతుకూ పంట రుణం ఇవ్వాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో ఎందుకు అందడం లేదని మీరు అడిగారు. గోదావరి డెల్టాలో మా నాన్నగారు ఇరవై ఏళ్లకు పైగా మూడెకరాలు కౌలుకు చేశారు కనుక, మా ఇంట్లో జరిగినదే చెబుతాను.

2011 నాటి అధీకృత సాగుదారుల చట్టం కింద రుణ అర్హత కార్డులు ఇచ్చేవారు. దాని స్థానంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం పదకొండు నెలల ఒప్పందంపై భూయజమాని సంతకం చేస్తేనే కార్డు వస్తుంది. చిక్కంతా ఆ సంతకం దగ్గరే ఉంది. 2021 సార్వాకు (ఖరీఫ్ వరి పంటకు) ముందు నాన్నగారు ఆ కాగితం పట్టుకుని నగరంలో ఉంటున్న యజమాని ఇంటికి వెళ్లారు. ఆయన మంచివారే, పంట పోయిన ఏడాది మక్తాలో, అంటే కౌలుగా ఇచ్చే ధాన్యంలో, రెండు బస్తాలు తగ్గించిన మనిషి. అయినా సంతకం చేస్తే రేపు భూమి మీద హక్కు అడుగుతారేమోనని భయపడి వద్దన్నారు. కార్డు వల్ల యాజమాన్య హక్కు రాదని చట్టంలోనే ఉన్నా, కౌలుదారులకు రక్షణలు కల్పించిన 1956 చట్టం నాటి భయం ఆ తరంలో ఇంకా పోలేదు.

కార్డు లేకపోయేసరికి ఎరువుల వ్యాపారి దగ్గర నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి అరవై వేలు తెచ్చారు. ఆరు నెలలకు వడ్డీ 7,200 రూపాయలు అయింది. గడువులోగా తీర్చే రైతుకు బ్యాంకు పంట రుణం ఏడాదికి నాలుగు శాతానికే పడుతుంది కనుక, అదే అప్పుకు అక్కడ 1,200 రూపాయలతో సరిపోయేది. వడ్డీ కంటే నన్ను ఎక్కువగా బాధించింది వేరొకటి: అప్పు ఇచ్చినవారికే, వారు చెప్పిన ధరకే, కళ్లంలోనే ధాన్యం అప్పగించాలి. రేటు పెరిగేదాకా నిలవ ఉంచుకునే వీలు మా నాన్నగారికి ఏనాడూ లేదు. కేంద్రం ఏటా ఇచ్చే ఆరు వేల కిసాన్ సాయం కూడా పట్టాదారుకే వెళ్లింది.

యజమాని సంతకం దొరకకపోతే, నలుగురి నుంచి పదిమంది వరకు కౌలుదారులు కలిసి ఉమ్మడి బాధ్యతా బృందంగా ఏర్పడి, హామీ లేకుండా రుణం అడిగే మార్గం ఒకటి ఉంది. మీ మండల వ్యవసాయాధికారిని, బ్యాంకు మేనేజరును నాట్లకు ముందే కలవండి. ఆ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికే మా అమ్మగారి డ్వాక్రా అప్పు కూడా ఎరువులకే పోయింది.