బీపీ చూసే చోటే నోరు కూడా చూడాలి

‘రద్దీగా ఉండే ఓపీలో క్యాన్సర్ నివారణకు తీరిక ఎక్కడుంటుంది?’ అని ఒకరు నన్ను అడిగారు. శ్రీకాకుళం తీరంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను. తీరిక ఉంటుంది, చూడాలనే పట్టుదలే ఉండదు.

మా వైపు పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటుంది. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఆ వేడికి, పొగకు అంగిలి దెబ్బతింటుంది. మిగతా చోట్ల అరుదైన అంగిలి క్యాన్సర్ ఇక్కడ అందుకే ఎక్కువ.

ఒక మామ్మ బీపీ మాత్రల కోసం మొదటిసారి మా దగ్గరకు వచ్చింది. డాక్టరమ్మ చేతి పట్టీ విప్పుతూనే, “మామ్మా, చుట్ట కాలుస్తావా?” అని అడిగారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “కోప్పడనులే, ఒకసారి నోరు తెరువు.” కట్టుడు పళ్లు తీయించి, తల వెనక్కి వంచమన్నారు. నేను టార్చిలైటు పట్టాను. అంగిలి మీద తెల్లటి మచ్చ, దాని మధ్య ఎర్రటి పుండు. “నొప్పి లేదమ్మా, అందుకే ఎవరికీ చెప్పలేదు” అంది. విశాఖపట్నం పంపించాం. ముక్క తీసి పరీక్షిస్తే తొలిదశ క్యాన్సర్. ఆపరేషన్‌తో బతికింది. అంతకుముందు ఏళ్ల తరబడి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆమెకు బీపీ మందులు రాశారు. ఒక్కరైనా నోరు తెరవమనలేదు! నాకు ఇప్పటికీ కోపం చల్లారదు.

దీనికి పెద్ద చదువులు కూడా అక్కర్లేదు. తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే ఇంటింటికీ వెళ్లి నోళ్లు పరీక్షించారు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు దాదాపు మూడోవంతు తగ్గాయని 2005లో తేలింది.

30 ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 30–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు దేశంలో 2 శాతం కూడా లేరు. ఏడాదికోసారి బ్యానరు కట్టి, ఫొటోలు దిగే శిబిరాలతో ఇది మారదు.

‘ఆడవాళ్లు సిగ్గుపడి రారు’ అంటారు. తలుపు సరిగా పడని గదిలో, బల్లకు తెర కూడా లేనిచోట ఎవరు ఒప్పుకుంటారు? గర్భాశయ ముఖద్వార పరీక్షకు కావలసింది లోపల చూడటానికి స్పెక్యులమ్ అనే పరికరం, పలుచని వెనిగర్ లాంటి ద్రావణం, దూది, మంచి వెలుతురు, కాస్త మరుగు. మా దగ్గర తెరకు మంజూరు రాలేదు. నర్సులమే డబ్బు వేసుకుని గుడ్డ కొని కుట్టించాం. ఆ నెల నుంచే “మాకూ చూడమ్మా” అని వాళ్లంతట వాళ్లే అడగడం మొదలుపెట్టారు.