అమ్మానాన్నలతో క్రూజ్‌కి వెళ్తుంటే బాల్కనీ రూమ్ తీసుకోవాలా, కనెక్టింగ్ రూములా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. సింగపూర్ నుంచి పెనాంగ్ క్రూజ్. మీరిద్దరు, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్న. మీకు బాల్కనీ రూమ్, పెద్దవాళ్లకు కిటికీ లేని లోపలి రూమ్ తీసుకోవాలా, లేక ఖర్చు కొంచెం పెరిగినా మధ్యలో తలుపున్న కనెక్టింగ్ రూములు తీసుకోవాలా? "రూములో ఎంతసేపుంటాం, పడుకోవడానికే కదా" అని మీ బావగారు అన్నారని కూడా రాశారు.

ముందు ఆ మాట సంగతి చెప్పాలి. క్రూజ్ అనగానే ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఈ మాట అంటారు. అనే మనిషికి మోకాళ్లు బాగుంటాయి. పొద్దున బఫే, తర్వాత స్విమ్మింగ్ పూల్, సాయంత్రం షో, రాత్రి మళ్లీ బఫే, ఆయన నిజంగానే రూముకి రాడు. డెబ్బై ఏళ్లు దాటినవాళ్ల సంగతి అలా కాదు. తిన్నాక గంటసేపు నడుం వాల్చాలి. ఆ పాటల చప్పుడు వాళ్లు ఎక్కువసేపు భరించలేరు. రోజులో సగానికి పైగా రూములోనే ఉంటారు. వాళ్లు చూసే సముద్రమంతా ఆ రూములో నుంచి ఎంత కనిపిస్తే అంతే. అందుకే నా జవాబు సూటిగా చెప్తున్నా. డబ్బులు ఒక్క బాల్కనీకే సరిపోతే అది అమ్మానాన్నలకు ఇవ్వండి. రెండింటికీ సరిపోతే రెండు బాల్కనీలూ కనెక్టింగ్‌గా తీసుకోండి. మీ బాల్కనీ కోసం వాళ్లను లోపలి రూములో మాత్రం పెట్టకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా బాపు, అంటే మా నాన్న.

బాపు గోదావరిఖనిలో బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు హన్మకొండలో మాతోనే ఉంటాడు. ఫస్ట్ షిఫ్ట్ అలవాటు ఇప్పటికీ పోలేదు. తెల్లవారుజామున నాలుగింటికల్లా లేచి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. చలి అయినా వాన అయినా ఆయనకు ఆకాశం కనిపించాల్సిందే. సగం జీవితం భూమి లోపల గడిపిన మనిషికి ఆ మాత్రం కోరిక ఉండదా?

మొదటిసారి సింగపూర్ నుంచి వెళ్లినప్పుడు మా టికెట్లు ఇక్కడే ఒక ట్రావెల్ ఏజెంట్ చేశాడు. "రెండు రూములు సార్, ఒకటి బాల్కనీ, ఒకటి ఇన్‌సైడ్, ఏ నంబరైనా ఒకటే" అని మా ఆయనకు చెప్పాడు. ఎవరి పేరు ఏ రూములో పెట్టాలో కూడా అతనే తేల్చేశాడు. టికెట్ మీద 'గ్యారంటీ' అని ఉంటే అది మంచి మాటే అనుకుంటాం కదా. క్రూజ్ లెక్కలో గ్యారంటీ రూమ్ అంటే మీరు డబ్బు కట్టిన తరగతి ఖాయం, రూమ్ నంబరు మాత్రం కంపెనీ ఇష్టం. అందుకే అది కాస్త చవక. ఒంటరిగానో జంటగానో వెళ్లేవాళ్లకు దానితో ఏ ఇబ్బందీ లేదు. కుటుంబాన్ని విడదీయడానికి మాత్రం అంతకు మించింది లేదు. మాకు పై అంతస్తులో ముందువైపు బాల్కనీ వచ్చింది. అమ్మాబాపులకు చాలా కింద, ఓడ వెనక భాగంలో లోపలి రూమ్ వచ్చింది. ఒక రూమ్ నుంచి ఇంకో రూముకి వెళ్లాలంటే లిఫ్ట్ దిగి, పొడవాటి కారిడార్ చివరిదాకా నడవాలి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. రెండోసారి నడిచేసరికే గోడ పట్టుకుని నిలబడిపోయింది.

లోపలి రూములో లైటు ఆర్పితే కన్ను పొడుచుకున్నా ఏమీ కనిపించదు. కిటికీ లేదు కాబట్టి పొద్దున ఏడైనా అదే చీకటి. రాత్రి అమ్మ బాత్రూమ్‌కి లేచి స్విచ్ దొరక్క తడుముకుంటూ వెళ్లి గడప తన్నుకుంది. ఓడల్లో బాత్రూమ్ గడప కాస్త ఎత్తుగా ఉంటుంది, పెద్దవాళ్లకు మొదటిరోజే చూపించాలి. బాపు ఆ రాత్రి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "గీ రూముల పొద్దు తెల్వది, మాపు తెల్వది. బాయిల దిగెటప్పుడు టోపీకి లైటన్న ఉంటుండె బిడ్డా."

నాలుగింటికి ఎప్పటిలాగే లేచాడు. అమ్మ నిద్ర చెడగొట్టొద్దని మెల్లగా తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. రూమ్ కార్డు లోపల, లైట్లు వెలగడానికి దాన్ని పెట్టే స్లాట్‌లోనే ఉండిపోయింది. ఓడలో ఆ కార్డే తాళం, అదే పర్సు, అదే గుర్తింపు. వెనక తలుపు పడిపోయింది. కారిడార్ ఎటు చూసినా ఒకేలా ఉంటుంది, అదే కార్పెట్, అవే తలుపులు. ఫోనుకు సిగ్నల్ లేదు. అమ్మ లేచి చూసేసరికి మనిషి లేడు. రూమ్ ఫోనులో మా నంబరు నొక్కితే సరిపోతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఏదో బటన్ నొక్కితే రిసెప్షన్‌లో ఇంగ్లీషులో ఎవరో మాట్లాడారు, ఈమె తెలుగులో ఏడ్చింది. వాళ్లు రూమ్ బుకింగ్ చూసి మాకు ఫోన్ చేశారు.

మా ఆయన కిందికి, నేను పైకి పరుగెత్తాం. సముద్రం మధ్యలో, ఆ చీకట్లో, కనపడని మనిషి కోసం రెయిలింగుల వెంట వెతకడం ఎలా ఉంటుందో రాయడం నా వల్ల కాదు. వెనకవైపు ఓపెన్ డెక్‌లో దొరికాడు. డెక్ కడుగుతున్న ఒక నేపాలీ కుర్రవాడు కుర్చీ వేసి, చేతికి టీ ఇచ్చి కూర్చోబెట్టాడు. బాపుకి బాయి దగ్గర నేర్చుకున్న హిందీ వచ్చు కాబట్టి ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి, "పొద్దు పొడుసుడు సూద్దామని అచ్చిన" అన్నాడు, అంతే.

ఆ పొద్దునే రూములు మార్చేశాం. వాళ్లకు బాల్కనీ, మాకూ పిల్లలకూ లోపలి రూమ్. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మార్చుకునేటప్పుడు మీలో మీరే కార్డులు అటూ ఇటూ మార్చుకుని ఊరుకోకండి. అత్యవసరం వస్తే ఎవరు ఎక్కడ గుమిగూడాలో రూమ్ నంబరును బట్టే రాసి ఉంటుంది. రిసెప్షన్‌కి వెళ్లి చెప్తే కొత్త కార్డులు చేసి, జాబితా సరిచేసి ఇస్తారు. మా పిల్లలైతే ఆ చీకటి రూములో పది దాకా హాయిగా నిద్రపోయారు. పిల్లలకు, నిద్ర ప్రియులకు లోపలి రూమ్ నిజంగా మంచిదే.

బాపు ఇక ఆ బాల్కనీ వదల్లేదు. మలక్కా జలసంధి ప్రపంచంలో బాగా రద్దీగా ఉండే ఓడల దారుల్లో ఒకటి. ఒకవైపు మలేషియా, ఇంకోవైపు సుమత్రా, మధ్యలో వరుసగా ట్యాంకర్లు, కంటైనర్ ఓడలు. మా చిన్నోడిని పక్కన కూర్చోబెట్టుకుని ఏ ఓడ ఎటు పోతోందో కాగితం మీద గీతలు గీయించాడు. నీళ్లలోకి బాగా దిగి కనిపించిన ప్రతి ఓడకూ "ఇండ్ల బొగ్గే ఉండొచ్చు" అనేవాడు. షో ఒక్కటీ చూడలేదు, ఇప్పటికీ ఎవరైనా ఇంటికి వస్తే ఆ ఓడల గురించే చెప్తాడు. రూములో ఎంతసేపుంటాం అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

తర్వాతిసారి వెళ్లినప్పుడు ఏజెంట్ మాట వినలేదు. డెక్ ప్లాన్, అంటే ఏ అంతస్తులో ఏ రూమ్ ఎక్కడుందో చూపే పటం తెప్పించుకుని, నంబర్లు మేమే చెప్పి కనెక్టింగ్ బాల్కనీలు తీసుకున్నాం. అప్పటికి అమ్మకు కంటి శుక్లం ఆపరేషన్ అయింది, రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు వేయాలి. మధ్య తలుపు తీసి ఉంటే అది ఇంట్లో వేసినంత తేలిక. ఆ తలుపు మామూలుగా తాళం వేసి ఉంటుంది, ఎక్కగానే మీ రూములు చూసే స్టీవార్డ్‌కి చెప్తే తీస్తాడు. రెండు బాల్కనీల మధ్య అడ్డుపలక కూడా తీయమని అడగండి. కొన్ని ఓడల్లో తీస్తారు, కొన్నింటిలో తీయరు.

కనెక్టింగ్ విషయంలో ఏజెంట్లు చేసే పని ఒకటుంది, నాకు దాని మీదే కోపం. పక్కపక్క రూములు ఇచ్చి కనెక్టింగ్ అంటారు. గోడకు తలుపు లేకపోతే అది కనెక్టింగ్ కాదు. డెక్ ప్లాన్‌లో అలాంటి రెండు రూముల మధ్య చిన్న బాణం గుర్తో, ఇంకేదో గుర్తో ఉంటుంది, దాని అర్థం కిందే రాసి ఉంటుంది. ఆ గుర్తు మీరే మీ కళ్లతో చూడండి. ఇంకో మాట, ఆ రెండింటిలో ఒక్క రూమే మీది అయితే అసలు తీసుకోకండి. తలుపు గోడంత మందంగా ఉండదు. అవతలివాళ్ల టీవీ, వాళ్ల గొడవలు, దగ్గు, అన్నీ మీకు వినిపిస్తాయి.

కనెక్టింగ్ దొరక్కపోతే ఒక ఉపాయం ఉంది, చాలామందికి తట్టదు. అమ్మానాన్నలకు బాల్కనీ తీసుకుని, కారిడార్‌కి అవతల సరిగ్గా ఎదురుగా ఉన్న లోపలి రూమ్ మీరు తీసుకోండి. రెండడుగులు వేస్తే వాళ్ల తలుపు. రెండు బాల్కనీలకంటే ఖర్చు బాగా తగ్గుతుంది. అయితే నలుగురు పడుకునే లోపలి రూములు తక్కువ ఉంటాయి, అందుకే ముందుగా బుక్ చేయాలి. పిల్లల్లో ఒకరిని తాతయ్య రూములో వేద్దామనుకుంటే సోఫా బెడ్ ఎక్కడ ఉందో కనుక్కోండి. చాలా రూముల్లో అది విప్పితే బాల్కనీకి దారి మూసుకుపోతుంది. నాలుగింటికి లేచే తాతయ్య పిల్లవాడిని దాటుకుని వెళ్లాలి.

ఓడలో ఏ చోటు అంటే, మధ్య భాగమే. అలలు వచ్చినప్పుడు ముందూ వెనకా ఎక్కువ ఊగుతాయి, మధ్యలో, కింది అంతస్తుల్లో తక్కువ. కాకపోతే మలక్కా జలసంధికి సుమత్రా అడ్డుగా ఉంటుంది, అక్కడ నీళ్లు మామూలుగా నెమ్మదిగానే ఉంటాయి. కాబట్టి మీ ప్రయాణంలో ఊగుడు కంటే నడకా చప్పుడూ చూసుకోవాలి. సింగపూర్ నుంచి తిరిగిన ఓడల్లో జెంటింగ్ డ్రీమ్ పొడవు 335 మీటర్లు, స్పెక్ట్రమ్ ఆఫ్ ది సీస్ 347 మీటర్లు. రూమ్ ఆ చివర, రెస్టారెంట్ ఈ చివర అయితే మోకాళ్లు ఏం కావాలి? లిఫ్ట్‌కి దగ్గరగా తీసుకోండి, మరీ ఎదురుగా మాత్రం వద్దు. మీ రూముకి పైనా కిందా కూడా రూములే ఉండాలి. పైన పూల్ డెక్ ఉంటే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు, కింద థియేటరో డాన్స్ ఫ్లోరో ఉంటే అర్ధరాత్రి దాకా దడదడ. బాల్కనీ ముందు లైఫ్‌బోట్ అడ్డం వచ్చే రూములు కూడా ఉంటాయి, చవకగా ఇస్తున్నారంటే ఎందుకో అడగండి.

స్పెక్ట్రమ్‌లో కొన్ని లోపలి రూముల్లో నేల నుంచి పైకప్పు దాకా స్క్రీన్ పెట్టి బయటి సముద్రాన్ని చూపిస్తారు. పిల్లలకు సరదా. పగలో రాత్రో తెలుస్తుంది, అది కొంత నయం. గాలి మాత్రం రాదు, మా బాపులాంటి వాళ్లకు కావాల్సింది గాలి.

సూర్యాస్తమయం కావాలంటే పెనాంగ్ వెళ్లేటప్పుడు ఓడ వాయవ్యం వైపు వెళ్తుంది కాబట్టి పొద్దు ఎడమవైపు కుంకుతుంది. తిరిగి వచ్చేటప్పుడు కుడివైపు. మీ నాన్నగారు కూడా తెల్లవారుజామున లేచేవారైతే దీనికి తలకిందులుగా లెక్క వేసుకోండి.

బాల్కనీ దొరికాక మనవాళ్లు చేసే పని ఒకటి చెప్పకుండా ఉండలేను. చీరలు, తువ్వాళ్లు రెయిలింగ్‌కి ఆరేస్తారు. అది నిషేధం, గాలికి ఎగిరి సముద్రంలోనో కింది బాల్కనీలోనో పడతాయి. ఫోన్ స్పీకర్ పెట్టి పాటలు వినేవాళ్లు ఇంకో రకం. పక్క బాల్కనీలో కూడా ఎవరిదో అమ్మ కూర్చుని ఉంటుంది కదండీ. పిల్లలున్నారు కాబట్టి బాల్కనీ తలుపు పై గడియ ఎప్పుడూ వేసి ఉంచండి, కుర్చీలు రెయిలింగ్ దగ్గరికి జరపనివ్వకండి. బాల్కనీ తలుపు తెరిచి ఉన్నప్పుడు కారిడార్ తలుపు తీస్తే గాలి ఒక్కసారిగా లాగి తలుపు ధడేల్‌మని పడుతుంది, వేళ్లు జాగ్రత్త.

ఏజెంట్‌తో ఫోన్‌లో కాదు, రాతలో అడగండి: రూమ్ నంబర్లు ఏవి, గ్యారంటీయా కాదా, మధ్య తలుపు ఉందా. నంబర్లు ఇవ్వనంటే డబ్బు కట్టకండి. ఓడ మళ్లీ సింగపూర్‌కే వస్తుంది కాబట్టి సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీదేనా, అంటే ఒకసారి కంటే ఎక్కువసార్లు లోపలికి రానిచ్చేదేనా అని కూడా అప్పుడే చూసుకోండి. ఓడ పేరు, నంబర్లు చేతికి వచ్చాక నాకు రాయండి, డెక్ ప్లాన్‌లో వాటి పైనా కిందా ఏముందో చూసి చెప్తాను.