కేండ్రిక్ లమార్ ‘డ్యామ్’ని వెనక నుంచి వినాలా? అన్ని బూతుల మధ్య దేవుడేంటి?

మీరు రెండు అడిగారు. అమెరికన్ ర్యాపర్ కేండ్రిక్ లమార్ ఆల్బమ్ ‘డ్యామ్’ని చివరి పాట నుంచి మొదటి పాటకి వినాలంటున్నారు, నిజమేనా అని ఒకటి. ఇన్ని బూతులు, ఇన్ని తుపాకులు ఉన్న పాటల్లో పాపం, విశ్వాసం, రక్షణ అని మాట్లాడటం ఉత్త బిల్డప్ కాదా అని రెండోది.

మొదటిదానికి జవాబు చిన్నదే. ముందు మామూలు వరుసలో వినండి, తర్వాత తిరగేసి వినండి. ఇది అభిమానులు అల్లిన కథ కాదు. ఆల్బమ్ 2017 ఏప్రిల్ 14న, సరిగ్గా గుడ్ ఫ్రైడే రోజు వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో అవే 14 పాటల్ని తలకిందుల వరుసలో పెట్టి కలెక్టర్స్ ఎడిషన్ అని కేండ్రిక్ వాళ్ళే విడుదల చేశారు. ముందే అనుకుని చేసిన పని అని కేండ్రిక్ కూడా ఇంటర్వ్యూలో చెప్పాడు. (ఈస్టర్ ఆదివారం ఇంకో ఆల్బమ్ వస్తుందని, అది పునరుత్థానం అని అప్పట్లో జనం తెగ ఎదురుచూశారు. రాలేదు.) మామూలుగా వింటే రోడ్డు మీద గుడ్డావిడకి సాయం చేయబోయినవాణ్ణి ఆవిడే కాల్చేయడంతో మొదలవుతుంది, చావాల్సిన మనిషి బతికిపోవడంతో ముగుస్తుంది. తిరగేస్తే బతకడంతో మొదలై తూటా దగ్గర ఆగుతుంది. పాటలు అవే, కానీ దిగే భారం వేరు.

రెండోదానికే కాస్త ఎక్కువ రాయాలి.

మాది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి మారతహళ్ళిలో ఉంటున్నాను, ఇక్కడా ఆదివారం తెలుగు ఆరాధనకి వెళ్తాను. చిన్నప్పటి నుంచి ఉజ్జీవ కూటాల్లో (పెద్ద ప్రార్థన సభల్లో) విన్న సాక్ష్యాలన్నీ దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. తాగేవాణ్ణి, పేకాడేవాణ్ణి, ఇంట్లో కొట్టేవాణ్ణి, ఒక రాత్రి ప్రభువు నన్ను పట్టుకున్నాడు, ఆ రోజు నుంచి ముట్టలేదు, హల్లెలూయా. వాటిని తక్కువ చేయడం లేదు, మా బంధువుల్లోనే అలా నిజంగా మారినవాళ్ళున్నారు. కానీ సాక్ష్యంలో పాపం ఎప్పుడూ అయిపోయిన సంగతే. మైకు పట్టుకుని, ప్రార్థన చేసుకుంటూనే ఇవాళ పొద్దున కూడా అదే పని చేసొచ్చాను అని చెప్పినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ‘డ్యామ్’ మొత్తం ఆ మనిషి గొంతే. ‘ప్రైడ్’ (గర్వం) తర్వాత ‘హంబుల్’ (అణకువ), ‘లస్ట్’ (కామం) తర్వాత ‘లవ్’ పెట్టాడు చూడండి. పైగా ‘హంబుల్’ అని పేరు పెట్టి అందులో ఎదుటివాణ్ణి అణిగి ఉండమని గద్దిస్తాడు, తను మాత్రం గొప్పలు పోతాడు. ఆ బూతులు లేకపోతే నేను నమ్మేవాణ్ణి కాదు.

మీరు ఒక్క పాటే వింటానంటే ‘ఫియర్’ వినండి. ఏడేళ్ళప్పుడు అమ్మ కొడుతుందని భయం, పదిహేడేళ్ళప్పుడు ఏ వీధిలో ఎలా చస్తానో అని భయం, ఇరవయ్యేడేళ్ళకి సంపాదించిందంతా పోతుందేమోనని భయం. ఈ పాట మొదట్లోనే కేండ్రిక్ కజిన్ వాయిస్ మెయిల్ వస్తుంది. బైబిల్లోని ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయంలోంచి, మాట వినకపోతే దేవుడు వెర్రితనంతో, గుడ్డితనంతో కొడతాడనే వచనం చదువుతాడు. అది వినగానే మొదటి పాటలో గుడ్డావిడ ఎవరో, ఎందుకొచ్చిందో అని ఒళ్ళు జలదరిస్తుంది. మాకు ఈ అధ్యాయం బాగా తెలుసు, కానీ సగమే తెలుసు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల్లో (కొత్త ఏడాదికి ఒక్కొక్కరికి ఒక దీవెన వచనం) ‘తలగా ఉంచుతాడు గానీ తోకగా ఉంచడు’ అనే మాట ఎవరో ఒకరికి తప్పకుండా వస్తుంది, అది ఈ అధ్యాయంలోదే. దీవెనలు మొదటి 14 వచనాలు. 15 నుంచి 68 దాకా శాపాలే. వాటిని కార్డు మీద ఎవరేస్తారు? ఇతను ఆ రెండో భాగాన్ని తెచ్చి పాటలో పెట్టాడు.

ఇక చివరి పాట ‘డక్‌వర్త్’. కేండ్రిక్ నాన్న డకీ కేఎఫ్‌సీలో పనిచేసేవాడు. ఆంథనీ అనే కుర్రాడు ఆ షాపుని దోచుకోవాలని ప్లాన్ వేశాడు. అంతకుముందు అక్కడ దోపిడీ జరిగి ఒక కస్టమర్‌ని కాల్చారని డకీకి తెలుసు. అందుకని ఆంథనీ లైన్లో కనిపించినప్పుడల్లా డబ్బులు తీసుకోకుండా చికెన్, రెండు బిస్కెట్లు ఎక్కువ (వాళ్ళ బిస్కెట్ అంటే బన్నులాంటిది) ఇచ్చేవాడు. ఆంథనీకి అతను నచ్చాడు, వదిలేశాడు. ఆ ఆంథనీయే తర్వాత టాప్ డాగ్ పేరుతో మ్యూజిక్ లేబుల్ పెట్టి, డకీ కొడుకని తెలియకుండానే కేండ్రిక్‌ని తీసుకున్నాడు.

మా రూమ్‌మేట్‌ది అనంతపురం, గుడికి వెళ్ళే మనిషి. వాడికి ఈ కథ చెప్తే “ఇందులో ఏముంది మామా, అన్నం పెట్టాడు, పుణ్యం కాపాడింది” అన్నాడు. నాకు అలా అనిపించదు. డకీ పుణ్యానికి పెట్టలేదు, ప్రాణభయంతో పెట్టాడు. ఆంథనీ కూడా పశ్చాత్తాపపడి మారలేదు, ఆ ఒక్క మనిషి జోలికి పోలేదంతే. ఇద్దరిలో ఎవరూ మోకాళ్ళ మీద పడలేదు, దేవుడి పేరెత్తలేదు. మరి దీన్ని కృప (అర్హత లేకపోయినా దేవుడు చూపే దయ) అనాలా, అదృష్టం అనాలా? వాడు “అదే కదా పూర్వజన్మ లెక్క” అంటాడు, నేను కృపే అంటాను, కేండ్రిక్ మాత్రం ‘కోఇన్సిడెన్స్’ అని ఒక్క మాట అనేసి, ఒక తూటా శబ్దం పెట్టి టేపు మొదటికి తిప్పేస్తాడు. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు మాకు ఇదే గొడవ, ఇంతవరకు తేలలేదు.

2018లో ఈ ‘డ్యామ్’కి అమెరికాలో సంగీతానికిచ్చే పెద్ద బహుమతి పులిట్జర్ వచ్చింది. క్లాసికల్, జాజ్ కాని సంగీతానికి అదే మొదటిసారి. అది చూసి మాత్రం వినకండి. ఇంత గందరగోళం వద్దు, మారుమనస్సు కథ కాస్త స్పష్టంగా కావాలంటే 2012లో వచ్చిన ‘గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ’తో మొదలుపెట్టండి. మన సువార్త కూటాల్లో “నా వెనక చెప్పండి” అని చేయించే ప్రార్థన ఉంటుందే, అది ఆ ఆల్బమ్‌లో మొదటి మాటల్లోనే వస్తుంది. ఆ కుర్రాళ్ళు దాని దాకా ఎలా వచ్చారో మిగతా పాటలు చెప్తాయి. రెండిటికీ లిరిక్స్ పక్కన పెట్టుకోండి, యాస మొదట్లో పట్టుబడదు. ఇంట్లో అమ్మావాళ్ళుంటే స్పీకర్‌లో వద్దు, ఇయర్‌ఫోన్సే పెట్టుకోండి.