ఉల్లి తూకాల ఫారంలో తప్పులు ఎందుకు పడుతున్నాయి?

కర్నూలు యార్డులో ఉల్లి తూకాలు ఫోన్‌లో ఎక్కించే గుమాస్తాలు తరచూ తప్పు కొడుతున్నారని అడిగారు. లోపం గుమాస్తాలది కాదు, ఫారంది. తెరమీద రైతు పేరు, బస్తాలు, బరువు చాలు. తేదీ దానంతటదే పడాలి. బరువు గడి తాకగానే చుక్క ఉన్న అంకెల కీబోర్డే రావాలి, లేదంటే 48.5 కిలోలు 485 అయి కూర్చుంటుంది. 200 కిలోలు దాటిన బస్తా బరువు సరైనదేనా అని సేవ్ చేసేముందే ఫారం అడగాలి.

బటన్లు కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్ తెరమీద సైజుల కొలత), మధ్యలో 8 డీపీ ఎడం. 'సేవ్' పక్కన 'తొలగించు' అసలు పెట్టొద్దు! ఎండలో లేత బూడిద అక్షరాలు కనబడవు, అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా, అంటే కాంట్రాస్ట్, 4.5:1కి తగ్గనీయకండి.

చాలామంది మరిచేది వరుస ఎత్తు, అంటే ఒక్కో లైనుకు నిలువుగా ఇచ్చే చోటు. ఇంగ్లీషుకు సరిపోయింది తెలుగుకు చాలదు, 'లక్ష్మి'లో కింది వత్తులు తెగిపోతాయి. అక్షరం సైజుకు 1.6 రెట్లు ఇచ్చి చూడండి.