దిగుబడి పెరిగితే పేదరికం తగ్గుతుందా?

ప్రశ్న: ఏ దేశమైనా ఎదిగేకొద్దీ జీడీపీలో వ్యవసాయం వాటా తగ్గిపోతుందని చదివాను. అలా తగ్గిపోయే రంగం మీద డబ్బు పెడితే పేదరికం ఎలా తగ్గుతుంది? అదేదో ఫ్యాక్టరీలకే పెట్టొచ్చు కదా?

జవాబు: వాటా తగ్గే మాట నిజమే. అయితే ఆ వాటా ఎంతమందికి కూడు పెడుతోందో కూడా చూడాలి. ప్రపంచంలోని కటిక పేదల్లో అత్యధికులు పల్లెల్లోనే ఉన్నారు, వాళ్లలో ఎక్కువమందికి సాగో, కూలిపనో బతుకుతెరువు. అందుకే వ్యవసాయంలో వచ్చిన వృద్ధి నేరుగా వాళ్ల ఇంటికి చేరుతుంది. పేదరికాన్ని తగ్గించడంలో వ్యవసాయం నుంచి వచ్చే జీడీపీ వృద్ధికి, మిగతా రంగాల వృద్ధి కంటే కనీసం రెండు రెట్లు బలం ఉందని ప్రపంచ బ్యాంకు 2008 ప్రపంచ అభివృద్ధి నివేదికలో లెక్కగట్టింది.

సొంత పంట అమ్ముకునే రైతుకు వచ్చే లాభం అందరికీ కనిపించేదే. దానికంటే తక్కువగా గుర్తించేది తిండి ఖర్చు. పేద ఇళ్లలో రాబడిలో సగానికి పైగా తిండికే పోతుంది. గింజల ధర అదుపులో ఉంటే, సెంటు భూమి లేని కూలీకి జీతం పెరిగినంత పని. ఇక చిన్న రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడితే ఇల్లు బాగు చేయిస్తాడు, తలుపులు పెట్టిస్తాడు, బట్టలు కొంటాడు. తాపీ మేస్త్రి, వడ్రంగి, దర్జీ అందరూ ఆ చుట్టుపక్కల వాళ్లే కాబట్టి డబ్బు అక్కడే తిరుగుతుంది.

దీనికంతటికీ ఒక షరతుంది. పొలం, దాని మీద హక్కు చిన్న కుటుంబాల చేతిలో ఉండాలి. చైనా 1978 తర్వాత ఉమ్మడి సాగు వదిలి పొలాన్ని కుటుంబాలకు అప్పగించింది. వియత్నాం అదే పని 1988లో చేసింది, అంతవరకు బియ్యం దిగుమతి చేసుకున్న ఆ దేశం 1989 కల్లా పెద్ద ఎగుమతిదారుల వరుసలో చేరింది. భూమంతా కొద్దిమంది దగ్గరే ఉండి, కూలీల బదులు యంత్రాలే తిరిగేచోట మాత్రం అంతే దిగుబడి పెరిగినా పేదవాడికి దక్కేది చాలా తక్కువ.

ప్రశ్న: పంట బాగా పండిన ఏడాదే ధర పడిపోతోంది. ఇంక దిగుబడి పెంచి ఏం లాభం?

జవాబు: ధర పడిందని ఎవరూ రెండు పూటల అన్నం నాలుగు పూటలు తినరు. అందువల్ల సరుకు కొంచెం ఎక్కువైనా ధర చాలా ఎక్కువగా జారుతుంది. పైగా అప్పు తీర్చాల్సిన గడువు, కోత సమయం ఒకేసారి వస్తాయి కాబట్టి అందరూ కల్లంలోనే అమ్మేస్తారు. నిల్వ చేసే వీలు లేకపోతే పెరిగిన దిగుబడిలో ఎక్కువ భాగం కొన్నవాడికే పోతుంది.

నిల్వ లాభమా నష్టమా అన్నది లెక్క వేసుకునే తేల్చాలి. కోతప్పుడు ధర 100, నాలుగు నెలల తర్వాత 125 అనుకుందాం. అప్పు మీద నెలకు ఒకటిన్నర చొప్పున వడ్డీ 6, సంచులు, గిడ్డంగి ఖర్చు 4. గింజ 5 శాతం పాడైతే 6.25 పోతుంది. చేతికి మిగిలేది 108.75. అదే 15 శాతం పాడైతే 18.75 పోయి 96.25 మిగులుతుంది, అంటే కోతనాడే అమ్మి ఉంటే నయం. ధర ఎంత పెరిగిందన్నదానికంటే గింజ ఎంత పాడవలేదన్నదే ఇక్కడ కీలకం.

గింజను పాడుచేసేది ముందుగా తేమ. నెలల తరబడి దాచే మొక్కజొన్నలో తేమ 13 శాతం దాటకూడదు. దాటితే బూజు పడుతుంది, కొన్ని బూజుల వల్ల అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది వండినా పోదు. తేమ మీటరు లేకపోతే ఉప్పుతో చూడొచ్చు. బాగా ఆరిన గాజుసీసాలో మూడోవంతు గింజలు పోసి, ఎండబెట్టిన ఉప్పు రెండు మూడు చెంచాలు వేసి, మూత బిగించి నిమిషం పాటు గట్టిగా కుదిపి పావుగంట వదిలేయండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే ఉంది. అంటుకోకపోతే 15 కంటే తక్కువని మాత్రమే అర్థం. 13కు రావాలంటే ఇంకా ఎండ తగలాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు.

తర్వాత పురుగు. లోపల రెండు మందపాటి పాలిథిన్ సంచులు, బయట నేత సంచి ఉండే గాలిచొరని సంచులు దీనికి బాగా పనికొస్తాయి. లోపలి సంచిలో గింజ నింపి, పైన గాలి మిగలకుండా నొక్కి, మూతి మెలిపెట్టి మడిచి తాడుతో కట్టాలి. రెండోదీ అలాగే విడిగా కట్టాలి, ఆఖరున బయటిది. లోపల ఉన్న ఆక్సిజన్‌ను పురుగులే వాడేసి చచ్చిపోతాయి, మందు కలపక్కర్లేదు. ఎలుక ఒక్క చిల్లు పెట్టినా, వండుకోవడానికని రోజూ మూతి విప్పినా ఇంత శ్రమా వృథా. ఇంటి వాడకానికి వేరే సంచి పెట్టుకోండి.

అప్పు గడువు ఆగదంటే, గుర్తింపు ఉన్న గిడ్డంగిలో సరుకు పెట్టి, ఆ రసీదు మీద రుణం తీసుకోవచ్చు. అలాగని పంటంతా ఆపేయడం మంచిది కాదు. దిగుమతులు వచ్చిపడితే నాలుగు నెలల తర్వాత కూడా ధర పెరగకపోవచ్చు. కొంత కోతప్పుడే అమ్మేయడం క్షేమం.

ప్రశ్న: రైతుల పిల్లలు సాగు వదిలి పట్నం పోతున్నారు. దీన్ని ఆపాలా?

జవాబు: ఆపకూడదు. మిగులు మనుషులు సాగు నుంచి పరిశ్రమల్లోకి మారడమే ఎదుగుదల అని ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ 1954లోనే సిద్ధాంతీకరించారు. చూడాల్సింది ఎందుకు వెళుతున్నారన్నది. తక్కువమందితోనే పొలం అంతే పండుతూ, పట్నంలో పని పిలుస్తుంటే అది మంచి మార్పు. పంట పోయి, అప్పు పెరిగి వెళితే పల్లె పేదరికం పట్నం చేరిందంతే. తేడా తెలియాలంటే కోతల కాలంలో కూలి రేటు చూడండి. ధరల పెరుగుదల తీసేశాక కూడా ఆ రేటు ఏటేటా పెరుగుతుంటే మనుషులు మెరుగైన పని దొరికి వెళుతున్నట్టే. అది కదలకుండా ఉన్నచోట పట్నం పంపే పథకాల కంటే ముందు నీరు, రోడ్డు, విత్తన పరిశోధన మీద ఖర్చు పెట్టాలి.